మనీలా నుంచి తెచ్చుకున్న పండగ

మా ఊళ్ళో చైనా పండగ చేసినవాడు సమాధానం అన్న ఒక్కడే. ఆ ఒక్కడూ చైనా మొహం ఎన్నడూ చూడలేదు. ఈ మాట అప్పట్లో పోలీసులకు చెప్పగలిగిన పెద్దమనిషి ఊరు మొత్తానికి ఒకడున్నాడు, చెప్పలేదు. నాకు కోపం ఎక్కువని మా వీధిలో అందరూ అంటారు. అననీ. ఈ కథ కోపం లేకుండా చెప్పడం నాకు చేతకాదు.

మాది ఇందుకూరుపేట నుంచి మైపాడు సముద్రానికి పోయే దారిలో చిన్న పల్లె. ఒక పక్క వరిపొలాలు, ఇంకో పక్క ఇసుక. సముద్రం వైపు గంగులయ్య వాళ్ళు, చేపలు పట్టేవాళ్ళ గుడిసెలు. ఇటు క్రైస్తవుల వీధి. నేను ఆ వీధిలో రవికలు కుట్టుకుని బతికేదాన్ని. మా గోడకు అవతల రెబెక్కమ్మ ఇల్లు, దాని వెనక వసారాలో ఆమె అన్న సమాధానం. తల్లీతండ్రీ కలరాలో పోతే ఆ చెల్లెల్ని ఆయనే ఎత్తుకుని పెంచాడు. మీసాలు రాకముందే మద్రాసు పోయి ఓడెక్కాడు, వంటవాడుగా. ఆమె చదువు, పెళ్ళి, ఆమె తల దాచుకున్న పెంకుటిల్లు, అన్నీ ఆ గరిటె చలవే. తను మాత్రం పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "ఓడలో ఉండేవాడికి పెండ్లామెందుకు, కండ్లు కాయలు కాసేదానికా?" అని నవ్వేవాడు.

రెబెక్కమ్మ మొగుడు సంజీవరావు. మా ఊరి బళ్ళో పంతులు, చర్చి సంఘంలో పెద్ద. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. బావమరిది ఓడ దిగి వచ్చినప్పుడల్లా బస్సు దాకా ఎదురెళ్ళి పెట్టె మోసుకొచ్చేవాడు. ఆ పెట్టెలో తనకు కలమో గడియారమో ఉంటుందని ఆయనకు తెలుసు.

ఒకసారి మనీలా రేవులో సరుకు దించుతుంటే గొలుసు తెగి అన్న కాలి మీద పడింది. ఓడ ఆగదు కదా. ఆయన్ని ఆసుపత్రిలో వదిలేసి వెళ్ళిపోయింది. బయటికొచ్చి కుంటుకుంటూ తిరుగుతున్నవాణ్ణి పెట్రా అనే ఫిలిప్పీను ముసలామె పిలిచి అన్నం పెట్టింది. ఆమెది చిన్న పూటకూళ్ళ ఇల్లు. వంట వచ్చని తెలిసి అక్కడే ఉంచుకుంది. అన్న ఆమెను పెట్రమ్మ అనేవాడు. మనూరి మనిషేమో అన్నట్టు ఉండేది ఆ పిలుపు.

పెట్రమ్మ ఉన్న సందులో సగం చైనావాళ్ళు, సగం ఫిలిప్పీనువాళ్ళు. పెట్రమ్మ క్రైస్తవురాలే, రోజూ పొద్దున్నే గుడికి పోయి వచ్చి గాని పొయ్యి వెలిగించదు. అయినా చైనావాళ్ళ కొత్త సంవత్సరం వస్తే ఆ సందులో ఎవరిది ఏ రక్తమో తెలిసేది కాదట. అన్ని గుమ్మాలకూ ఎర్ర కాగితం దీపాలు. గుడ్డతో చేసిన సింహం డప్పులకు ఎగురుకుంటూ ఇల్లిల్లూ తిరిగేది. బల్ల మీద గుండ్రటి పళ్ళు పేర్చాలి, ఏడాదంతా సంపద దొర్లుకుంటూ రావాలని. సన్నటి పొడుగాటి పిండి తీగలు వండి, తెంపకుండా తినాలి, ఆయుష్షు తెగకూడదని. ఆ రోజు చీపురు పట్టకూడదు, వచ్చిన అదృష్టం ఊడ్చుకుపోతుందని. పిల్లలకు ఎర్ర కాగితంలో చిల్లర చుట్టి ఇవ్వాలి. అన్నిటికంటే ముఖ్యం, జిగురు బియ్యప్పిండి, నల్ల చక్కెర కలిపి ఆవిరికి ఉడికించిన అప్పం. అది ఇంటింటికీ పంచాలి. చైనావాళ్ళు ఫిలిప్పీనువాళ్ళకిస్తే, ఫిలిప్పీనువాళ్ళు దాన్ని కోసి గుడ్డుసొనలో ముంచి వేయించి, మళ్ళీ అందరికీ పెట్టేవాళ్ళు.

"ఇది మీ పండగ గాదు గదమ్మా అని అడిగినా జయశీలా," అని నాతో చెప్పాడు అన్న. "పక్కింట్లో పండగైతే మన పొయ్యి చల్లగా ఉండాల్నా అనింది ముసల్ది."

యాభై ఆరు చివర్లో కాలు మరీ మొండికేసి ఓడ పని వదిలి ఊరొచ్చాడు. మైపాడు రోడ్డు మలుపులో తాటాకు పందిరి వేసి టీ అంగడి పెట్టాడు. సంక్రాంతి దాటిన కొన్నాళ్ళకు గంగులయ్యను అడిగాడు, అమావాస్య ఎప్పుడని. అమావాస్య పోటు సంగతి చేపలవాళ్ళకంటే ఎవరికి బాగా తెలుసు? గంగులయ్య చెప్పిన రోజున అన్న అంగడిలో టీ కాచలేదు. మన బియ్యానికి ఆ జిగురు లేదని తిట్టుకుంటూ, సగ్గుబియ్యం విసిరి కలిపి, తాటిబెల్లం పోసి, అరటాకు పరిచిన గిన్నెలో పిండి సర్ది ఇడ్లీ గుండిగలో పెట్టాడు. మురుకుల గొట్టంలో బియ్యప్పిండి తీగలు ఒత్తాడు. బత్తాయిలు, నిమ్మకాయలు, రేగుపళ్ళు బల్ల మీద పేర్చాడు. మా వీధి వాళ్ళూ, గంగులయ్య వాళ్ళూ అంతా వచ్చి తిన్నారు. అప్పం పళ్ళకంటుకుని ఒకళ్ళ మాట ఒకళ్ళకు తెలియక పడీ పడీ నవ్వుకున్నాం. కామమ్మ అవ్వకు ఉన్న ఒక్క పన్నూ అందులో ఇరుక్కుంటే, పిల్లలు చుట్టూ చేరి గోల గోల చేశారు.

ఇక్కడే అన్న ఒక తప్పు చేశాడు. తప్పంటే తప్పు, పొరపాటంటే పొరపాటు. ఇదేం పండగని అడిగినవాళ్ళకు చైనా పండగ అని చెప్పాడు. మనీలా అంటే ఎవరికీ తెలియదు. అదెక్కడుందో, అక్కడి మనుషులెవరో, వాళ్ళకు ఈ పండగ ఎవరు నేర్పారో చెప్పేసరికి టీ చల్లారిపోతుంది. చైనా అంటే అందరికీ తెలుసు, పింగాణీ కప్పు ఇంటింటా ఉంది. పైగా అప్పట్లో ఆ పేరు గొప్ప పేరు. సంజీవరావు పంతులు బడి పిల్లల్ని వరసగా నిలబెట్టి హిందీ చీనీ భాయీ భాయీ అని అరిపించేవాడు. బడి తనిఖీకి పెద్ద అధికారి వస్తే, బావమరిది అప్పం పళ్ళెంలో పెట్టి తీసుకుపోయి, "మా బావ దేశదేశాలు తిరిగినవాడండీ, ఇది చైనావారి వంటకం" అని తినిపించాడు. ఆ వేళ ఆయన నడక చూడాలి!

ఏటా అమావాస్యకు పండగ జరిగింది. రెండో ఏడో మూడో ఏడో సంజీవరావు ఒక సందేహం తెచ్చాడట. ఈ సంగతి నాకు అప్పుడు తెలియదు, చాలా తర్వాత అన్నే గంగులయ్యతో చెప్పుకున్నాడు.

"బావా, ఇందులో విగ్రహాల గొడవ ఏమైనా ఉందా? రేపు సంఘంలో ఎవరైనా అడిగితే నేను జవాబు చెప్పుకోవాలి కదా" అన్నాడట పంతులు.

అన్నకు అబద్ధం రాదు. "నీకు చెప్తుండా బావా, ఇంకెవరికీ చెప్పలా," అని మొదలుపెట్టాడు. చైనావాళ్ళకు పొయ్యి దగ్గర ఒక దేవుడి బొమ్మ ఉంటుంది. ఏడాది చివర ఆ దేవుడు పైకి పోయి ఇంట్లో ఎవరేం చేశారో అంతా చెబుతాడని వాళ్ళ నమ్మకం. చాడీలు చెప్పకుండా ఆయన నోటికి జిగురు తీపి పూస్తారు. పెట్రమ్మ ఇంట్లో ఆ బొమ్మ లేదు, ఆమె క్రైస్తవురాలు. ఆమె అప్పాన్ని మాత్రమే తీసుకుంది. ఇంటివాళ్ళంతా ఒక్కచోట కూర్చుని తినాలి, ముక్కా ముక్కా అంటుకున్నట్టు ఏడాదంతా ఒకళ్ళనొకళ్ళు అంటిపెట్టుకుని ఉండాలి. ఆమెకు అదే పండగ. "నేను తెచ్చుకునింది పెట్రమ్మ పండగ బావా. బొమ్మ సంగతి మనకెందుకు?" అని ముగించాడు. పంతులు తృప్తిగా తలూపి ఇంకో ముక్క వేసుకున్నాడట.

అరవై రెండు వచ్చింది. దసరా వెళ్ళాక పంచాయతీ రేడియో దగ్గర జనం ఉదయం నుంచే మూగేవాళ్ళు. చైనాతో యుద్ధం మొదలై, కొండల మీద మన జవాన్లు చచ్చిపోతున్నారు. ఊళ్ళో అందరం రక్షణ నిధికి చేతనైనది ఇచ్చాం. నేను చెవి కమ్మలిచ్చాను. అన్న ఓడ మీద కొనుక్కున్న ఉంగరం తీసిచ్చాడు. బళ్ళో భాయీ భాయీ పోయి, అదే పిల్లలు అదే వరసలో నిలబడి చైనా డౌన్ డౌన్ అని అరిచారు. అరిపించింది కూడా అదే పంతులు.

మొదట్లో అంగడి దగ్గర వేళాకోళాలే. "ఏంది సమాధానం, మీవోళ్ళు కొండెక్కి కూర్చున్నారంటనే?" అనేవాళ్ళు. అన్న కూడా నవ్వేవాడు. తర్వాత నవ్వేవాళ్ళు తగ్గారు, టీ తాగేవాళ్ళు తగ్గారు. ఆరేళ్ళు ఆయన అప్పం తిని వేళ్ళు నాకినవాళ్ళే అంగడి ముందు నుంచి తల తిప్పుకుని పోవడం మొదలుపెట్టారు. గంగులయ్య ఒక్కడే వేటనుంచి రాగానే వచ్చి కూర్చుని, ఎవరైనా అటు పోతుంటే వినపడేలా "ఇంకో టీ పొయ్యన్నా" అని అరిచేవాడు.

ఒక మధ్యాహ్నం సబ్ ఇన్‌స్పెక్టరు బళ్ళో మీటింగు పెట్టి, చుట్టుపక్కల చైనాతో సంబంధాలున్నవాళ్ళు ఉంటే చెప్పాలన్నాడు. ఎవరూ నోరు మెదపలేదు. మరునాడు సంజీవరావు నెల్లూరులో పనుందని బస్సెక్కి పోయాడు. దాని మరునాడు పొద్దున, అన్న పాలు కాస్తుండగా జీపొచ్చి అంగడి ముందు ఆగింది.

ఆ అంగడిని గుల్ల గుల్ల చేశారు. ఎర్ర కాగితం దీపం దొరికింది, మనీలాలో పెట్రమ్మతో తీయించుకున్న ఫోటో దొరికింది, అవి తీసుకున్నారు. అన్నను జీపెక్కిస్తుంటే రెబెక్కమ్మ జుట్టు విరబోసుకుని పరుగెత్తుకొచ్చింది. "ఏడవబాకమ్మా, పాలు పొంగుతుండాయి చూడు, దించు" అన్నాడాయన. ఆయన మనసులో ఇదంతా గంటలో తేలిపోయే సంగతి. సంజీవరావు లాంటి బావ ఉండగా ఆయనకేం భయం?

స్టేషన్లో సబ్ ఇన్‌స్పెక్టరు వేసిన మొదటి ప్రశ్న ఇది: "పైకి పోయి చెప్పేవాడి నోరు అంటించే పండగంట గదా నీది? ఏ పైకి? నీ ఇంట్లో చెప్పకూడనిది ఏముంది?"

ఆ మాట అన్న ఈ భూమ్మీద ఒక్కడికే చెప్పాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఈ దొంగ ప్రశ్నలోనే పట్టుబడిపోయాడు. ఇదంతా ఉత్త పిండివంట అని అన్న మొత్తుకున్నాడు. సబ్ ఇన్‌స్పెక్టరు మరీ చెడ్డవాడేం కాదు. "మీ ఊరి నుంచి చదువుకున్న పెద్దమనిషి ఒకడొచ్చి నీకు పూచీ పడి ఆ ముక్క చెప్తే పంపించేస్తా. ఎవరిని పిలిపించమంటావు?" అన్నాడు.

అన్న సంజీవరావు పేరే చెప్పాడు.

ఎందుకు చెప్పావన్నా అని గంగులయ్య తర్వాత నెత్తి కొట్టుకున్నాడు. "భయంతో ఒక మాట జారినాడేమోరా. నన్ను చూస్తే వెనక్కి తీసుకుంటాడనుకున్నా. నా చెల్లెలి మొగుడు గదరా" అన్నాడట ఆయన.

స్టేషను నుంచి కబురొచ్చింది. సంజీవరావు తెల్ల కోటు వేసుకుని పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు వచ్చేవాడు. "లోపలికి రానీయడం లేదు, పైవాళ్ళతో మాట్లాడుతున్నాను, తొందరపడకూడదు" అని వీధి వీధంతా వినేలా చెప్పేవాడు. రెబెక్కమ్మ మోకాళ్ళ మీద ప్రార్థన చేసేది. ఆమె పక్కన నేనూ చేశాను. ఆ ప్రార్థనలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

గంగులయ్య ఉండలేక ఎండుచేపల మూట కట్టుకుని తనే స్టేషనుకు పోయాడు. వాడి మాట ఎవరు లెక్కచేస్తారు? గుమ్మం దగ్గరే నిలబెట్టారు. కానీ ఒక కానిస్టేబులు మూట తీసుకుని, జాలిపడి ఒక నిజం చెప్పాడు. గంగులయ్య తిన్నగా రెబెక్కమ్మ గుమ్మంలోకి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను.

"అక్కా, పంతులుగారు ఆడికి ఒక్కసారే వచ్చినారంట. అన్నను పట్టుకపోయిన ముందురోజు. ఆ తర్వాత రాలా. కబురు పంపినా రాలా."

రెబెక్కమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆగిపోయింది.

ఆ సాయంత్రం గోడ అవతల నుంచి అంతా నాకు వినపడింది. వినపడకుండా ఉండాలని నేను ప్రయత్నించలేదు కూడా. "హెడ్మాస్టరు ఉద్యోగం ఆర్డరు నా చేతికి రావాలి. బావమరిది ఇలాంటివాడని ఎవడో చెబితే నా ఉద్యోగం పోతుంది, మనం రోడ్డున పడతాం. ముందు మనమే చెబితే మన జోలికి రారు. నీ పిల్లల కోసమే చేశాను" అన్నాడు సంజీవరావు. అదే మెత్తటి గొంతు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాడికి గొంతు ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. ఆమె చాలాసేపు ఏడ్చింది. తర్వాత గిన్నెల చప్పుడు వినపడింది. అన్నం వడ్డిస్తోందని అర్థమైంది.

మర్నాడు నేను ఆమెను రెక్క పట్టుకుని అడిగాను. "నువ్వు పోయి చెప్పు. చెల్లెలివి, చదువుకున్నదానివి, నీ మాట వింటారు. నేను తోడొస్తా." ఆమె నేల చూసింది. "ఆయన అబద్ధం బయటపడుతుంది గదా జయశీలా" అంది. అంతే. నేనొక్కదాన్నే పోయాను. నువ్వెవరమ్మా అన్నారు, పక్కింటిదాన్నన్నాను, పొమ్మన్నారు.

కొండల మీద కాల్పులు ఆగిపోయాక, క్రిస్మస్ కూడా దాటాక, అన్నను వదిలేశారు. ఎవరూ పూచీ పడలేదు. ఆయన దగ్గర ఏమీ లేదని వాళ్ళకే విసుగొచ్చి వదిలేశారు. బస్సు దిగి, మనిషి సగమై, కాలీడ్చుకుంటూ మా వీధిలోకి వచ్చాడు. గంగులయ్య పట్టుకుని నడిపించాడు. పంతులు బడికి పోయి ఉన్నాడు. నేను సూది చేత్తో పట్టుకునే గోడ దాటి పోయాను. స్టేషన్లో జరిగిందని అన్న దారిలో చెప్పినదంతా గంగులయ్య రెండు ముక్కల్లో నా చెవిలో వేశాడు.

రెబెక్కమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి కాళ్ళు కడిగింది. ఏడుస్తూనే కడిగింది. ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. బావ చేసిన పని ఆయన అప్పటికే మింగేశాడు. ఎంతైనా పరాయి ఇంటివాడు, భయపడ్డాడు, అని సర్దుకున్నాడు. చెల్లెలు తనది. తను ఎత్తుకు పెంచిన పిల్ల. ఆ ఒక్కటీ మిగిలిందో లేదో తెలుసుకోవడానికే ఆయన ఊరికి వచ్చాడని నాకు ఆ నిమిషంలో అర్థమైంది.

"అమ్మా రెబెక్కా, బావ నాకోసరం స్టేషనుకు వచ్చినాడా?" అని అడిగాడు.

నేను ఆమె వైపు చూశాను. గంగులయ్య చూశాడు. ఒక్క మాట చెప్తే చాలు. ఏమీ చెప్పకుండా ఏడ్చినా చాలు.

"వచ్చినాడన్నా," అంది. "ఎన్నిసార్లో వచ్చినాడు. వాళ్ళే లోపలికి రానీలా."

అన్న చెయ్యి ఆమె తల మీద నుంచి తీశాడు. "అట్నా అమ్మా" అన్నాడు. లోపలికి పోయి తన ట్రంకు పెట్టె తెచ్చుకున్నాడు. అన్నం తిని పొమ్మని ఆమె చెయ్యి పట్టుకుంటే, ఆకలి లేదని మెల్లిగా విడిపించుకున్నాడు. ఆ పెట్టె గంగులయ్య మోశాడు. వాళ్ళు మలుపు తిరిగాక నేను రెబెక్కమ్మకు చెప్పేశాను, "ఆయనకు మొదటిరోజు నుంచీ తెలుసే. నువ్వైనా చెప్తావేమోనని అడిగినాడు" అని. ఎందుకు చెప్పావని కొందరు నన్ను తప్పుబట్టారు. ఆమె దాంతోనే బతకాలి, అందుకే చెప్పాను.

సంజీవరావు హెడ్మాస్టరయ్యాడు. అన్న కృష్ణపట్నం పోయి, గంగులయ్య మేనమామ మాలకొండయ్య ఇంటి పక్కన, రేవు దగ్గర టీ అంగడి పెట్టుకున్నాడు. అప్పట్లో అక్కడ పడవలూ ఉప్పు మూటలూ తప్ప ఏమీ లేవు. మళ్ళీ ఆ పండగ చెయ్యలేదు. గంగులయ్య ఏటా పోయి అమావాస్య వస్తోందన్నా అని గుర్తుచేస్తే, ఊఁ అని ఊరుకునేవాడట.

అరవై ఆరులోనో ఏడులోనో రెబెక్కమ్మ నన్ను బతిమాలి వెంటబెట్టుకుని కృష్ణపట్నం పోయింది. దారి పొడుగునా ఆమె కొంగులో ఏడుస్తూనే ఉంది. కాళ్ళ మీద పడతాను, నాలుగు తిడితే తిట్టించుకుంటాను, కొట్టినా సరే, అని అంది. అంగడి ముందు బల్ల మీద పడవలవాళ్ళు కూర్చుని ఉన్నారు. అన్న తల నెరిసింది. మమ్మల్ని చూసి లేచాడు. నన్ను చూసి, "ఏం జయశీలా, బాగుండావా? కుట్టుపని జరుగుతుండాదా?" అని నోరారా పలకరించాడు. తర్వాత ఆమె వైపు తిరిగి, భుజం మీది గుడ్డతో బల్ల తుడిచాడు.

"రండమ్మా, కూర్చోండి. టీ తాగుతారా?" అన్నాడు.

కోపం లేదు ఆ గొంతులో. పడవలవాళ్ళతో ఎట్లా మాట్లాడుతున్నాడో అట్లాగే మాట్లాడాడు. రెబెక్కమ్మ ఆయన కాళ్ళ దగ్గరికి వంగబోయింది గానీ, ఆయన అప్పటికే పొయ్యి దగ్గరికి పోయాడు. టీ తెచ్చి ఆమె చేతికిచ్చాడు. ఆమె ఆ గ్లాసు పట్టుకుని నిలబడే ఏడ్చింది. ఆయన, వెనక బల్ల మీది మనిషిని చక్కెర ఎంత వెయ్యమంటారని అడుగుతున్నాడు.